అప్‌డేట్: వాయిదా తప్పినందుకు వచ్చిన వారెంట్ రద్దయింది

చెక్ బౌన్స్ కేసులో కోర్టు వాయిదాకు వెళ్లక నాన్ బెయిలబుల్ వారెంట్ వచ్చింది, ఏం చేయాలని గత నెల ఇక్కడ అడిగాను. డైరీలో వాయిదా తేదీ 10ని 16 అని చదువుకున్నాను, అంతే! సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా మీరే కోర్టుకు వెళ్లండన్న మాటే పనిచేసింది. న్యాయవాది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 72(2) కింద, వారెంట్‌ను రద్దు చేయమని కోరే రీకాల్ పిటిషన్ వేశారు. కేసు పిలిచేదాకా వెనక బల్ల మీద చెమటలు కక్కుతూ కూర్చున్నాను. న్యాయమూర్తి కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. కొద్దిపాటి ఖర్చులు కట్టమని వారెంట్ రద్దు చేశారు. ముందస్తు బెయిలు ప్రస్తావనే రాలేదు. దొంగ మెడికల్ సర్టిఫికెట్ పెట్టమన్న సలహాను మాత్రం పక్కన పెట్టాను. రద్దు ఉత్తర్వు నకలును స్టేషన్‌లో ఇచ్చి, నా దగ్గరున్న రెండో నకలుపై అందినట్టు ముద్ర వేయించుకున్నాను. తర్వాతి వాయిదాను ఈకోర్ట్స్ యాప్‌లో రెండుసార్లు చూసుకున్నాను.