మా వార్డు బడిని నిలుపుకోవాలా, పిల్లలను మోడల్ ప్రైమరీ పాఠశాలకు పంపాలా?

విద్యా కమిటీ సభ్యుడు:
మా వార్డు ప్రాథమిక పాఠశాలలో ఐదు తరగతులకూ కలిపి 23 మంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవో 3, 4, 5 తరగతులను దగ్గరలోని హైస్కూళ్లలో కలిపింది; 2025లో దానిని రద్దు చేసి, తరగతికొక ఉపాధ్యాయుడు ఉండే మోడల్ ప్రైమరీ పాఠశాలలను తెచ్చారు. మా ఊళ్లో అలాంటి బడి బస్టాండు అవతల ఉంది. పిల్లలందరినీ అక్కడికి పంపడమే మేలని నా అభిప్రాయం.

ప్రాథమిక తరగతుల (ఎస్జీటీ) ఉపాధ్యాయురాలు:
మీతో ఏకీభవిస్తున్నాను. ఏకోపాధ్యాయ పాఠశాలలో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. ఒకటో తరగతి పిల్లవాడి చేయి పట్టుకుని పలక మీద ‘అ’ దిద్దిస్తూ ఉంటే, ఐదో తరగతి అమ్మాయి భాగహారం లెక్కతో పక్కనే నిలబడి ఉండేది. నేను తలెత్తేసరికి భోజనం గంట కొట్టేవారు. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు చాలునంటుంది, కానీ తరగతులు ఐదు. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది, పోస్టు పోతే మిగిలిన పిల్లలూ వెళ్లిపోతారు. పిల్లల చదువు స్థాయిని తెలుసుకోవడానికి గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన అసర్ సర్వే ప్రకారం, దేశంలోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగిన మాట నిజమే, అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు.

ఇద్దరు పిల్లల తల్లి:
మేడమ్‌గారు చెప్పిన ఇబ్బందిని నేను కాదనను. అయితే మా పాపకు ఆరేళ్లు. లారీలు తిరిగే బస్టాండు రోడ్డును దాటించడానికి ఇంట్లో మా అత్తగారు తప్ప మరెవరూ లేరు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ప్రైవేటు బడి వ్యాను మాత్రం గుమ్మం ముందుకే వస్తుంది. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం కింద ఖాతాలో పడే 13,000 రూపాయలు బిడ్డ ఏ బడిలో చదివినా వస్తాయి కాబట్టి, వార్డు బడి మూసిన రోజున మా వీధి తల్లుల్లో చాలామంది మోడల్ బడికి కాక ఆ వ్యానుకే పిల్లలను ఎక్కిస్తారు. ఉపాధ్యాయులను పెంచడానికి చేసిన పని వల్ల పిల్లలే తగ్గిపోతారేమోనన్నది నా భయం.

విద్యా కమిటీ సభ్యుడు:
అమ్మా, రోడ్డు సంగతి నేను తేలిగ్గా తీసుకున్నాను, అది నా పొరపాటే. అందరినీ ఒకేసారి పంపాలన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. 1, 2 తరగతులు మన వీధిలోనే ఉండాలి, అప్పుడు మేడమ్‌గారు చెప్పినట్టు ఐదు తరగతుల భారం ఒక్కరి మీద పడదు. 3 నుంచి 5 వరకు చదివే పిల్లలకు కమిటీయే ఒక ఆటో మాట్లాడాలి. కిలోమీటరు దాటి వెళ్లే ప్రాథమిక విద్యార్థులకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద రవాణా భత్యం ఉంది గానీ, అది ఏడాది చివర వస్తే ఆటో అతనికి నెలనెలా ఎవరు ఇస్తారు? జూన్‌లో బడి తెరిచేలోగా ఆ డబ్బు ఎలా సర్దాలో తేల్చనిదే తీర్మానంపై నేను సంతకం చేయను.