చెన్నైలో ప్రైవేటు ఆసుపత్రి నర్సులు యూనియన్‌లో చేరితే లాభమా, నష్టమా?

బుచ్చి అమ్మాయి అడుగుతోంది:

అక్కలకీ అన్నలకీ నమస్తే. మాది నెల్లూరు దగ్గర బుచ్చి. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మెడికల్ వార్డు, 28 పడకలు. నైట్‌లో ఇద్దరం స్టాఫ్, ఒక ఆయా. ఇద్దరిలో ఒకరు సీటీ స్కాన్‌కో ఐసీయూ షిఫ్టింగ్‌కో వెళ్తే వార్డులో మిగిలేది ఒక్కరే.

పోయిన వారం ఒక పెద్దాయనకి రక్తం ఎక్కించడం మొదలుపెట్టాను. మొదటి 15 నిమిషాలు పక్కనే ఉండి బీపీ, టెంపరేచర్ చూసుకోవాలి, వణుకు వస్తోందా, దద్దుర్లు లేస్తున్నాయా అని కనిపెట్టుకోవాలి. నాతో ఉన్న స్టాఫ్ కిందికి వెళ్ళింది. ఇటు 9వ బెడ్ ఆయన క్యాన్యులా పీకేసుకుని మంచం దిగుతున్నాడు, అటు 22లో ఆక్సిజన్ తగ్గిందని సాచురేషన్ అలారం మోగుతోంది. బ్లడ్‌కి క్లాంప్ వేసి పరిగెత్తాను. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున మాత్రం బ్లడ్ ఎందుకు లేటయిందో రాసిమ్మని నాకు మెమో ఇచ్చారు. ఇద్దరే ఎందుకున్నారని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు మా దగ్గర తమిళ, మలయాళీ స్టాఫ్ కలిసి సంఘం పెడుతున్నారు. నాకూ ఫారం ఇచ్చారు. తెలుగువాళ్ళం కొద్దిమందిమే, అందరూ వెనకాడుతున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు హెచ్‌ఆర్ దగ్గరున్నాయి, బాండ్ ఇంకా ఉంది. జర్మన్ నేర్చుకుంటున్నాను, బీ1 లెవెల్ పరీక్ష అయ్యాక అక్కడికి వెళ్ళాలని. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వకపోతే నా గతేంటని టెన్షన్. నాన్నకి ఫోన్ చేస్తే "ఊరుగాని ఊళ్ళో మనకెందుకమ్మా గొడవలు" అన్నారు. సమ్మె అంటే పేషెంట్‌ని వదిలేసి రోడ్డు మీదికి రావాలేమోనని అదొక భయం. తెలిసినవాళ్ళు చెప్పండి.

వార్డ్ ఇన్‌చార్జ్, తాంబరం:

చేరొద్దనే చెప్తాను తల్లీ. మంచి కోరే చెప్తున్నాను.

నేను ముందు చేసిన ఆసుపత్రిలో సంఘం వచ్చింది. ఏడాది తిరక్కుండానే రెండయింది, రెండింటి వెనకా రెండు పార్టీలు. ఒకే వార్డులో పనిచేస్తూ ఈ సంఘం అమ్మాయి ఆ సంఘం అమ్మాయితో డ్యూటీ మార్చుకోదు. ఇంట్లో చావైనా సరే, అడగడానికి మొహం చెల్లేది కాదు. మీటింగుల్లో మాట్లాడేది బయటి నాయకులు, వాళ్ళకి ఐవీ సెట్ ఏదో క్యాథెటర్ ఏదో తెలియదు. రోస్టర్ వేసే నాలాంటి వాళ్ళం మధ్యలో నలిగిపోయాం. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకి 18,000 దాటి తీసుకునేవాళ్ళు కొత్త కార్మిక చట్టం (పారిశ్రామిక సంబంధాల కోడ్) ప్రకారం "కార్మికులు" లెక్కలోకి రారు, కాబట్టి మాకు ఆ రక్షణ కూడా లేదు.

నీకు బాండ్ ఉంది, బయటికి వెళ్ళే ఆలోచన ఉంది. గట్టిగా రెండేళ్ళు ఓర్చుకుంటే నీ దారిన నువ్వు పోతావు. అడిగేది నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌ని మర్యాదగా అడుగు.

పెరంబూరు అక్క:

ఇన్‌చార్జ్ సిస్టర్ చెప్పిన చీలికలు నిజమే, నేనూ చూశాను. అయినా నా మాట వేరు. చెల్లీ, చేరు. ఒక్కదానివే చేరకు, ఒరిజినల్స్ చేతికి రాకముందు చేరకు, లెక్కలు అడక్కుండా చేరకు. చేరడం మాత్రం మానకు.

ముందు మీ నాన్నగారికి ఒక సంగతి చెప్పు. నేనుండే ఈ పెరంబూరులోనే 1918లో మిల్లు కార్మికులు మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి కార్మిక సంఘంగా దాన్నే చెప్తారు. బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లువాళ్ళు నాయకుల మీద హైకోర్టుకెళ్ళారు. సంఘం పెడితే కోర్టుకీడుస్తారా అన్న గొడవలోంచే 1926 కార్మిక సంఘాల చట్టం వచ్చింది. ఊరుగాని ఊరంటున్నారు గానీ, ఈ హక్కు కోసం దెబ్బలు తిన్నది ఈ ఊరే. ఆసుపత్రి కూడా అప్పటి చట్టం దృష్టిలో పరిశ్రమేనని 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ చెప్పింది.

జీతాల సంగతి చూడు. కేరళలో 2011 నుంచి నర్సులు సంఘంగా కదిలారు. 2016లో సుప్రీంకోర్టు కమిటీ వేయమంది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల్లోపు అయినా 20,000కి తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు దేశమంతటికీ ఉంది. 2018లో కనీస వేతనం 20,000 అని జీవో రాబట్టుకున్నది మాత్రం సమ్మెలు చేసిన కేరళ నర్సులే. మీ వార్డులో ఫారాలు పంచుతున్న మలయాళీ అమ్మాయిలు అది కళ్ళారా చూసి వచ్చుంటారు.

సమ్మె గురించి నీ భయం న్యాయమైనదే. 2017 నవంబర్‌లో మన తేనాంపేటలో ప్రభుత్వ వైద్యశాఖ ఆఫీసు (డీఎంఎస్) ఆవరణలో కాంట్రాక్టు నర్సులు వేలమంది కూర్చున్నారు. నెలకి 7,700 రూపాయల మీద పనిచేస్తున్నవాళ్ళు. మూడో రోజుకల్లా హైకోర్టు సమ్మె ఆపమంది, లేచి డ్యూటీలకెళ్ళారు. తర్వాత జీతం 14,000 చేశారు గానీ పర్మనెంట్ అన్న అసలు డిమాండ్ అలాగే ఉండిపోయింది. రోగుల ప్రాణాల మాట వచ్చేసరికి కోర్టయినా జనమైనా మన పక్కన ఎక్కువసేపు నిలబడరు. అందుకే సమ్మెనే నమ్ముకున్న సంఘం నర్సులకి పనికిరాదని నా గట్టి నమ్మకం.

మేం చేసింది చెప్తాను, ఆసుపత్రి పేరెందుకులే. మా సంఘం సెక్రటరీ చామన్‌చాయగా, సన్నగా ఉండే తమిళ అమ్మాయి, గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఒక పొడుగాటి రిజిస్టర్ కొని, గీతలు కొట్టి, ప్రతి వార్డుకీ ఒకటి ఇచ్చింది. నైట్ హ్యాండోవర్ అవగానే ఒక్క లైను రాయాలి: పేషెంట్లు ఎంతమంది, స్టాఫ్ ఎంతమంది, ఆక్సిజన్ మీద ఎందరు, ఏ మందు ఎంత లేటయింది, ఎందుకు. కింద ఇద్దరి సంతకాలు. తిట్లు, నినాదాలు ఏమీ రాయకూడదు. మూడు నెలల లెక్క తీసుకెళ్ళి మెడికల్ డైరెక్టర్ టేబుల్ మీద పెట్టింది. పక్కన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నార్మ్స్: జనరల్ వార్డులో ఐదుగురికి ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు. మా వార్డులో అప్పుడు నైట్‌కి పదమూడు మందికి ఒకరం. ఇది జీతం గొడవ అనడానికి వాళ్ళకి వీల్లేకపోయింది. నైట్‌కి మూడో నర్సు వచ్చింది.

నష్టం కూడా జరిగింది, దాచను. ఆ సెక్రటరీని వేరే బ్రాంచికి మార్చారు. రోజుకి రెండు బస్సులు మారి వెళ్ళేది, చివరికి మానేసింది. సంఘంలో చేరినందుకు వేధించడం చట్టప్రకారం తప్పే, కానీ అది రుజువు చేసేలోపు మనిషి అలిసిపోతుంది. ముందుండేవాళ్ళకి యాజమాన్యం ఇష్టమొచ్చినట్టు తీసేయకుండా కాపాడే "ప్రొటెక్టెడ్" హోదా కోసం సంఘం రాతపూర్వకంగా అడగాలని మాకప్పుడు చెప్పినవాళ్ళు లేరు. మీవాళ్ళని మొదటి మీటింగులోనే అడిగించు.

డబ్బు విషయం. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకు. కేరళలోనే ఒక పెద్ద సంఘం నిధుల మీద ఆరోపణలొచ్చి పోలీసు కేసు దాకా వెళ్ళింది. ఏటా ఆడిట్, కోశాధికారిగా డ్యూటీ చేసే నర్సు, ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకో.

ఒరిజినల్స్ మాత్రం ఈ నెలలోనే అడుగు. జర్మనీ అప్లికేషన్‌కి అటెస్టేషన్ చేయించాలని రాసి, కాపీ మీద అందినట్టు ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకో. నీ రిజిస్ట్రేషన్ మీద మచ్చ లేదని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ ఇచ్చేది నర్సింగ్ కౌన్సిల్, దాని మీద ఆసుపత్రి పెత్తనం లేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ దగ్గరే ఇబ్బంది. జీతం స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డర్, రోస్టర్ ఫొటోలు జాగ్రత్త చేసుకో.

ఓఈటీ (నర్సులు విదేశాలకి వెళ్ళడానికి రాసే ఇంగ్లిష్ పరీక్ష) టీచర్, కీల్పాక్:

నేను ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేసి వచ్చాను. అక్కడ యూనియన్ కార్డు లేని నర్సుని వెతుక్కోవాలి. ఎందుకంటే ఎంక్వైరీకి పిలిస్తే మన పక్కన కూర్చోవడానికి ఒక ప్రతినిధి వస్తాడు. బుచ్చి అమ్మాయికి వచ్చిన మెమోకి ఒక్కతే కూర్చుని జవాబు రాసుకోవాల్సి వచ్చింది చూడండి, నాకు అన్నిటికన్నా అదే బాధనిపించింది.

పేషెంట్‌ని వదిలేయడం గురించి: 2022 డిసెంబర్‌లో అక్కడి నర్సుల యూనియన్ రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సమ్మె చేసింది. వాళ్ళ చరిత్రలో అంత పెద్ద సమ్మె అంతకుముందు లేదు. కీమోథెరపీ, డయాలసిస్, ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ ముందుగానే మినహాయించి, మిగతా వార్డుల్లోనే ఆపారు. ఇష్టం లేని అమ్మాయిని లాగలేదు. అయితే దాంతో అన్నీ వచ్చేశాయని అనుకోవద్దు. 2023లో మళ్ళీ ఓటింగ్ పెడితే సగంమంది కూడా ఓటెయ్యలేదు, దాంతో సమ్మె అక్కడితో ఆగింది. జీతం కోత పడ్డాక జనం నీరసపడతారు.

అమ్మా, నువ్వు వెళ్దామనుకుంటున్న జర్మనీలో, బెర్లిన్ షారిటే ఆసుపత్రి నర్సులు 2021లో వార్డుకి ఎంతమంది స్టాఫ్ ఉండాలన్నదాని మీదే సమ్మె చేసి ఒప్పందం రాయించుకున్నారు. సంఘంలో ఉన్నావని అక్కడ ఎవరూ తప్పు పట్టరు.

వార్డ్ ఇన్‌చార్జ్, తాంబరం:

రిజిస్టర్ పద్ధతి బాగుంది, అది సంఘం లేకపోయినా చేయొచ్చుగా అక్కా?

పెరంబూరు అక్క:

చేయొచ్చు సిస్టర్. కానీ ఒక్క వార్డు రాస్తే ఆ వార్డు స్టాఫ్‌కి పని రాదంటారు. పదహారు వార్డులు ఒకేలా రాస్తే ఆ మాట అనలేరు. అన్ని వార్డులతో ఒకేలా రాయించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

బుచ్చి అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్. ఒరిజినల్స్‌కి లెటర్ రాశాను, రేపు ఇస్తాను. ఇంకొక్క సందేహం. మాది ట్రస్ట్ నడిపే ఆసుపత్రి, మాకు ఈ చట్టాలు వర్తించవని హెచ్‌ఆర్‌వాళ్ళు అంటున్నారట. నిజమేనా?

పెరంబూరు అక్క:

సగం నిజం. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, పూర్తిగా గానీ చాలావరకు గానీ దానధర్మాల సేవ చేసే సంస్థలు నడిపేవాటిని పరిశ్రమ లెక్కలోంచి తీసేశారు. బోర్డు మీద ట్రస్ట్ అని ఉన్నంత మాత్రాన అది చాలదు. మీ దగ్గర ఉచిత పడకలెన్ని, డబ్బు కట్టే పడకలెన్ని అన్నది తేలాలి. ఇది మీ సంఘంవాళ్ళు ఫారాలు పంచకముందే లేబర్ లాయర్‌ని అడగాల్సిన ప్రశ్న. అడిగారో లేదో కనుక్కో.

అదే కోడ్‌లో ఇంకో రెండు ఉన్నాయి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సగంమంది ఒకే రోజు సీఎల్ పెట్టినా సమ్మె కిందే లెక్క. మీవాళ్ళెవరైనా "అందరం ఒకేసారి సెలవు పెడదాం, అది సమ్మె కాదు" అంటే నమ్మొద్దు.

రిజిస్ట్రేషన్‌కి మొత్తం స్టాఫ్‌లో పదోవంతు గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఏడుగురికి మాత్రం తగ్గకూడదు. సంఖ్య సరిపోయినా ఆలస్యం కావచ్చు. శ్రీపెరుంబుదూరు శాంసంగ్ కార్మికులు 2024లో నెలకి పైగా సమ్మె చేస్తే, సంఘం రిజిస్టరయింది 2025 జనవరిలో. ఇప్పటికి ఎన్ని సంతకాలయ్యాయో, లాయర్ ఏమన్నారో తెలుసుకుని ఇక్కడే రాయి. లాయర్ లేకపోతే మాకు చూసిన ఆయన ఉన్నారు, మీవాళ్ళని తీసుకుని రా, నేనూ వస్తాను.