'ద క్వీన్స్ గాంబిట్'లో బెత్ ప్రతిభ ఏ ఆటలో తెలుస్తుంది?

2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన, బెత్ అనే చదరంగం క్రీడాకారిణి కథ చెప్పే ఈ సిరీస్ మళ్ళీ చూస్తున్నాను. చదరంగం సలహాదారులు మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్, కోచ్ పాండోల్ఫిని, కాబట్టి ఎత్తుల మీద నాకు అనుమానం లేదు. కథలోని సోవియట్ ఛాంపియన్ బోర్గోవ్‌తో చివరి ఆటకి మూలం 1993లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో గ్రాండ్‌మాస్టర్లు ఇవాన్‌చుక్, వోల్ఫ్ నిజంగా ఆడిన ఆట. అది డ్రా, ఇక్కడ బెత్ గెలుస్తుంది.

పాజ్ చేసి, బోర్డు మీద పావులు పేర్చుకుని, స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రామ్‌లో కూడా పెట్టి చూశాను. అది మంచి ఎత్తని చెప్తుంది గానీ, మనిషికి తట్టడం ఎంత కష్టమో చెప్పదు. కెమెరా ఏమో బోర్డు మీద నిలవకుండా ఎదుటివాళ్ళ మొహాల మీదికి వెళ్ళిపోతుంది. వాళ్ళు నోరు తెరిచారు కాబట్టి ఆమె మేధావి అని నమ్మాల్సి వస్తోంది. నాకెంతో ఇష్టమైన పాత్ర, ఆ ప్రతిభని ఆటలోనే చూడాలనుంది.

టోర్నమెంట్లు ఆడేవాళ్ళు చెప్పండి: మొహాలు చూడకుండా, ఎత్తులు చూస్తేనే బెత్ గొప్పతనం తెలిసిపోయే ఆట ఈ సిరీస్‌లో ఏది?