వరినాట్ల బొమ్మలో మనుషులు అతికించినట్టు కనిపిస్తున్నారు

ప్రశ్న: అక్రిలిక్‌లో వరినాట్లు వేస్తున్నానండీ, 18×24 అంగుళాల కాన్వాస్. గట్టు మీంచి తీసిన ఫొటో చూసి గీశాను. వెనక కొబ్బరితోట, మధ్యలో రెండు వరసల్లో నాట్లేసే ఆడవాళ్లు, ముందు నీళ్లు నిండిన మడి. చెట్లూ నీళ్లూ బాగానే కుదిరాయి. మనుషులే కత్తిరించి అంటించినట్టున్నారు. షేడింగ్ ఎంత పెంచినా అంతే.

జవాబు: షేడింగ్ పక్కన పెట్టి ముందు హొరైజన్ చూడండి, అంటే మన కంటి ఎత్తులో నేలా ఆకాశం కలిసినట్టుండే గీత. దూరపు చెట్ల మొదళ్లకు కాస్త పైన ఉంటుంది. మీరూ మడిలోనే నిలబడి చూస్తే, మీ అంత ఎత్తున్న వాళ్ల తలలు దగ్గరైనా దూరమైనా ఆ గీత మీదికే వస్తాయి. పాదాలే దూరం పోయేకొద్దీ పైకి జరుగుతాయి. గట్టు ఎత్తు కాబట్టి మీ బొమ్మలో తలలు గీతకు కిందే ఉండాలి, వంగినవాళ్లవి ఇంకా కిందకి. వెనక వరసను చిన్నగా వేసి, పాదాలు మాత్రం ముందు వరసతో సమంగా పెడితే వాళ్లు చిన్నపిల్లల్లా కనిపిస్తారు. చాలా బొమ్మలు చెడేది ఇక్కడే.

ఇక రంగు. నీడల్లో నలుపు వద్దు, అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) కలపండి. వంగిన వీపు మీద ఆకాశపు నీలం పడుతుంది, ముఖానికీ చేతుల అడుగుకీ నీళ్ల వెలుగు తగులుతుంది. ఆ రెండూ పడితే మనిషి ఆ మడిలో మనిషి అవుతుంది. కాళ్లు బురదలో కలిసేచోట గీత ఉండకూడదు, రంగు ఆరకముందే తడిబ్రష్‌తో చెరిపేయండి.

మరొకరు: ప్రతిబింబం కూడా చూసుకోండి. నీడ ఎండను బట్టి పక్కకి పోతుంది, ప్రతిబింబం మాత్రం నిలువునా కిందికే. పైగా అది తలకిందులు చేసిన కాపీ కాదు. వంగిన మనిషి వీపు మనకు కనిపిస్తుంటే, నీళ్లలో ముఖం, పొట్టవైపు కనిపిస్తాయి.

ఇంకొకరు: ఇంత లోతు తప్పనిసరా? సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య గారు పల్లె మనుషుల్ని జానపద శైలిలో వేశారు కదా.

జవాబు: ఆ దారి వేరండీ. అక్కడ చెట్లూ ఆ శైలిలోనే ఉంటాయి. ఫొటోలాంటి చెట్ల ముందు అలాంటి మనుషుల్ని నిలబెడితే మళ్లీ ఇదే సమస్య.

ప్రశ్న అడిగినవారు: వెనక వరసలో ఎర్రచీర ముందుకు దూకుతోంది. తెలుపు కలిపితే గులాబీ అయింది, ఆకుపచ్చ కలిపితే గోధుమ రంగు.

జవాబు: ఆకుపచ్చ బ్రష్ కొసకి అంటినంత చాలు. దానికి వెనక తోటకు వాడిన నీలి బూడిద రంగే కాస్త చేర్చండి. అక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, కాబట్టి ఒక మెట్టు లేతగానే కలుపుకోండి. అంతా ఆరాక అదే బూడిద రంగును గ్లేజింగ్ మీడియంలో (రంగును పారదర్శకంగా పల్చన చేసే ద్రవం) పల్చగా కలిపి, తోట మీదా వెనక వరస మీదా కలిపి ఒకే పూత వేయండి. ముందు వరసను ముట్టుకోకండి.