చర్చ: మా కళాశాలలో నాలుగేళ్ల బీఎస్సీ-బీఎడ్ మొదలుపెట్టాలంటే... మీ అనుభవాలు చెప్పండి

సిక్కోలు_ఫిజిక్స్
శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఇంటర్ తర్వాత డిగ్రీ, బీఎడ్ కలిపి నాలుగేళ్లలో చదివించే సమీకృత కోర్సు, అదే ఐటెప్ కోసం దరఖాస్తు చేద్దామని మా యాజమాన్యం అంటోంది. 2030 నాటికి బడిలో పాఠం చెప్పడానికి కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత బీఎడ్ అవుతుందని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది కాబట్టి ముందే సిద్ధపడదామన్నది వారి ఆలోచన. గదులెన్ని, అధ్యాపకులెందరు అన్నది నియమాల్లో చూసుకోగలను. ఇలాంటి కోర్సు చదివినవారు, చెప్పినవారు ఉంటే నాకు ఒక్కటి చెప్పండి: మిమ్మల్ని ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దింది ఏది? వృథాగా పోయింది ఏది?

బాపట్ల_అమ్మాయి
నమస్కారం మాస్టారూ. నేను మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థలో నాలుగేళ్ల బీఎస్సీఎడ్ చదివాను. ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ కోర్సును అందరూ కొత్తది అంటున్నారు గానీ, ఎన్‌సీఈఆర్‌టీ 1963లోనే మైసూరు, అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్‌లలో ఈ సంస్థలు పెట్టి నాలుగేళ్ల చదువు మొదలుపెట్టింది.

అక్కడ నాకు దక్కిన అదృష్టం ప్రాంగణంలోనే ఉన్న బడి. మూడో ఏడాది తొమ్మిదో తరగతికి ప్లవనం చెబుతున్నాను. ఒక అమ్మాయి లేచి, "ఇత్తడి బిందె నీళ్ల మీద తేలుతుంది, ఇత్తడి తాళంచెవి మునుగుతుంది. రెండూ ఇత్తడే కదా?" అంది. నేను కంగారుపడి సాంద్రత సూత్రం బోర్డు మీద రాశాను. ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసింది, అర్థం కాలేదని. వెనక బెంచీలో కూర్చున్న ఆ తరగతి టీచరు గారు మధ్యలో కల్పించుకోలేదు. గంట కొట్టాక మాత్రం, "తను అడిగింది బిందె గురించి. రేపు బిందె తీసుకురా" అన్నారు.

మర్నాడు హాస్టల్ నుంచి స్టీలు చెంబు, బకెట్టు పట్టుకెళ్లాను. ఖాళీ చెంబు తేలింది. ఆ అమ్మాయినే కొద్దికొద్దిగా నీళ్లు పోయమన్నాను. అంచు మునిగే దాకా పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూశారు. చెంబులో ఇంతసేపూ గాలి ఉందన్న మాట వాళ్లే అన్నారు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఫిజిక్స్ ప్రొఫెసరు గారి దగ్గరికి వెళితే, ఓడ పక్కకు ఒరిగినా మళ్లీ ఎలా నిలబడుతుందో గంటసేపు వివరించారు. తర్వాతి వారం ఆయనే వచ్చి నా పాఠం విన్నారు. సబ్జెక్టు చెప్పేవారు, బోధన నేర్పేవారు ఒకే తరగతి గదిలో కూర్చోవడమే నా చదువు.

ఒక హెచ్చరిక కూడా. ఉద్యోగానికి ధ్రువపత్రాల పరిశీలన రోజున ఒక కార్యాలయంలో "డిగ్రీ పట్టా ఏది, బీఎడ్ పట్టా ఏది" అని నన్ను మూడు రోజులు తిప్పారు. రెండూ ఒకటేనని నమ్మించేసరికి నా కంట నీళ్లొచ్చాయి. పట్టా మీద, మార్కుల జాబితాలో మీ విద్యార్థుల సబ్జెక్టులు స్పష్టంగా ఉండేలా మొదటి రోజు నుంచే చూడండి.

విశ్రాంత_డైట్_అధ్యాపకుడు
అమ్మాయి చెప్పిన బిందె కథ చదివి చాలా సంతోషించాను. డైట్‌లో, అంటే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో పనిచేసినవాడిగా నేను చూసిన రెండో పక్క కూడా చెప్పాలి.

ఉపాధ్యాయ శిక్షణ దుస్థితిపై జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. 2014 నిబంధనలతో బీఎడ్ ఏడాది నుంచి రెండేళ్లయింది, బడి అనుభవం 20 వారాలు ఉండాలన్నారు. మంచి నిర్ణయమే. కానీ ఆ తర్వాత ఒక కళాశాలకు ప్రాక్టికల్ పరీక్షకుడిగా వెళ్లాను. బల్ల మీద పాఠ్య ప్రణాళికల రికార్డులు, రంగు కాగితాల అట్టలతో ముచ్చటగా ఉన్నాయి. ఒకటి తెరిస్తే "కిరణజన్య" బదులు "కిరణజన్మ" అని ఉంది. రెండోదీ అంతే. పద్నాలుగు రికార్డుల్లో అదే తప్పు, అదే పేజీలో. ఒక అమ్మాయిని పాఠం చెప్పమంటే, సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫీజు కట్టింది, రికార్డు ఇచ్చింది, బడి గడప మాత్రం ఎవరూ తొక్కించలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు, ఆమెకు అన్యాయం చేసినవాళ్ల మీద వచ్చింది. రెండేళ్లలో చేయని పని నాలుగేళ్లలో మాత్రం ఎందుకు చేస్తారు? మీ ఊరి హైస్కూలు ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడారా?

మూడో_ఏడాది
నేను ఇప్పుడు ఐటెప్‌లోనే ఉన్నాను, 2023లో మొదలైన తొలి బ్యాచ్. ప్రవేశపరీక్ష తెలుగులోనే రాశాను, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. చదువు బాగుంది. నా దిగులు వేరు. ఈ కోర్సులో పునాది, సన్నాహక, మాధ్యమిక, సెకండరీ అని నాలుగు దశలున్నాయి. పునాది దశ అంటే మూడేళ్ల పూర్వ ప్రాథమికంతో పాటు 1, 2 తరగతులు. సన్నాహక అంటే 3 నుంచి 5. కానీ మన దగ్గర ఎస్జీటీ, అంటే ప్రాథమిక బడి టీచరు పోస్టు 1 నుంచి 5 దాకా ఒక్కటే! సన్నాహక దశ తీసుకున్న నా స్నేహితురాలు ఒకటో తరగతికి అర్హురాలేనా? ప్రాథమిక తరగతులకు బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి హాస్టల్లో ఇదే మాట. దయచేసి పిల్లల్ని చేర్చుకునే ముందే ఏ దశ ఏ పోస్టుకు పనికొస్తుందో ప్రభుత్వంతో రాతపూర్వకంగా తేల్చుకోండి.

విశ్రాంత_డైట్_అధ్యాపకుడు
నీ దిగులు న్యాయమైనదే తల్లీ. దశలు తరగతుల ప్రకారం విడగొట్టారు, పోస్టులు పాత లెక్కలోనే ఉన్నాయి. మీ బ్యాచ్ బయటికి వచ్చేలోగా నియామక నిబంధనలు సరిచేయాలి.

మన్యం_టీచరు
పార్వతీపురం ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల నాది. ఐదు తరగతులు, ఒకే గది. నేను చదివిన శిక్షణలో ఐదు తరగతులకు ఒకేసారి ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఒకటో తరగతి సవర పిల్లవాడు నెలరోజులు నోరు విప్పలేదు. వాళ్ల అక్క దగ్గర అంకెలు సవరలో నేర్చుకుని గింజలు లెక్కపెట్టాను. నేను తప్పు పలికితే నవ్వి సరిదిద్దాడు, అదే వాడి మొదటి మాట. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ భాషల్లో వాచకాలు వచ్చాయి. మీ విద్యార్థులను పట్నం బడులకే కాకుండా మా దగ్గరికి కూడా పంపండి సార్. బస మేం చూసుకుంటాం.

సిక్కోలు_ఫిజిక్స్
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఏడాది దరఖాస్తు వద్దని యాజమాన్యంతో చెప్పాను. ముందు మా ఊరి హైస్కూలు హెచ్ఎం గారిని కలిశాను, వారానికి ఒక రోజు తొమ్మిదో తరగతికి నేనూ, మా రసాయనశాస్త్రం మాస్టారూ వెళ్లేలా ఒప్పుకున్నారు. మొదటి పాఠం వచ్చే గురువారం. బాపట్ల అమ్మాయి గారూ, ఆ బిందె పాఠానికి మీరు ఎన్ని పీరియడ్లు తీసుకున్నారు?