ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 రిబ్బన్‌కి స్టాంపు ఇంకు పట్టించొచ్చా?

పాలకొల్లు పిల్లోడు:
మా పెద్దనాన్నగారి అటక మీద ఎప్సన్ హెచ్‌ఎక్స్-20 దొరికిందండి. 1982 నాటి కంప్యూటరు, ఏ4 కాగితమంత ఉంది, ప్రింటరు లోపలే. కొత్త బ్యాటరీలు కట్టాక ఆన్ అయింది. ప్రింటరు టకటకమంటోంది గానీ అక్షరం పడట్లేదు, కాగితం తడిమితే చుక్కల గుంటలు మాత్రం చేతికి తగులుతున్నాయి. రిబ్బన్ (ఇంకు ఉండే పట్టీ) మీద స్టాంపు ఇంకు వేయొచ్చా? కాగితం రోలు ఏది కొనాలి?

కోనసీమ కొబ్బరి:
వేయొచ్చు, నేను మూడుసార్లు వేశాను. మూత విప్పి అక్కడక్కడా చుక్క చుక్క వేసి, రాత్రంతా పాలిథిన్ సంచిలో కట్టి ఉంచు. పొద్దున్నకి పాకుతుంది.

కాకినాడ కాజా:
వద్దు తమ్ముడూ. రిబ్బన్ ఇంకులో నూనె ఉంటుంది, అదే చుక్కలు కొట్టే సూదులకి కందెన. స్టాంపు ఇంకు ఎండితే సూదులు బిగుసుకుపోతాయి. ఈఆర్‌సీ-09 అని అడుగు, అదే దీని రిబ్బన్. ఈ ప్రింటరు మెకానిజమే ఎం-160, క్యాష్ రిజిస్టర్లలో కూడా వాడారు కాబట్టి రిబ్బన్లు ఇంకా దొరుకుతున్నాయి.

కోనసీమ కొబ్బరి:
నిమిషానికి 42 లైన్లు కొట్టే బుల్లి ప్రింటరుకి కందెన శాస్త్రమా! నా మిషన్ ఆరేళ్ళుగా కొడుతోంది. తమరిది బీరువాలో పట్టుబట్టలో ఉంటుంది కదా, దాని సూదుల సంగతి తమరికెలా తెలుసు?

ఉండి రోడ్డు:
ఫోన్‌తో ఫోటో తీస్తే పోద్దిగా, ప్రింటెందుకూ

కాకినాడ కాజా:
బీరువాలో ఎందుకుందో చెప్పమంటారా? పాత నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి, మన ఉప్పుగాలికి బోర్డు మీద ఆకుపచ్చ చిలుం లేచింది. బాగు చేస్తానని పట్టుకెళ్ళింది ఎవరండీ? తిరిగొచ్చాక చూస్తే ప్రింటరు నాది కాదు.

కోనసీమ కొబ్బరి:
ఇదా అసలు సంగతి! ఇంకు మీద కోపం అనుకున్నాను.

కాకినాడ కాజా:
ఆ ప్రింటరు మూత లోపల మా నాన్నగారు వృత్తలేఖినితో ఇంటిపేరు గీసుకున్నారు. నాకు వచ్చిన మూత నున్నగా ఉంది. అడిగితే "అదీ ఇదీ ఒకటేగా, పనిచేస్తోంది కదా" అన్నారు.

కోనసీమ కొబ్బరి:
మీ బోర్డు చచ్చిపోయిందండీ, నేనేం చేయను? ప్రింటరు మాత్రం బాగుంది. నా దగ్గర బోర్డు బాగుండి ప్రింటరు పోయినది ఒకటుంది. రెండు చచ్చినవాటిలోంచి ఒకటి బతికింది. ఆడుతున్న దాన్ని చూసి సంతోషపడతారనుకున్నాను. మూత సంగతి నాకు తట్టలేదు, తప్పే. కానీ శవాన్ని శవంలాగే దాచుకోవాలంటే నేను ఒప్పుకోను.

కాకినాడ కాజా:
మీరు బతికించింది మీది. నాది నాకు చచ్చినా సరే, మొత్తంగా కావాలి. అడగకుండా విప్పడం బాగుచేయడం కాదండి.

గోదారి గట్టు:
ఇద్దరూ ఒక్కసారి ఆగండి, పిల్లోడు బెదిరిపోతాడు. కొబ్బరి గారూ, మూత ఒక్కటీ పార్సిల్ చేయండి, స్క్రూ తిప్పితే వచ్చేదానికి ఇంత గొడవా.

కోనసీమ కొబ్బరి:
పంపుతాను. ప్రింటరు మాత్రం ఇవ్వను.

పాలకొల్లు పిల్లోడు:
సార్, ఈఆర్‌సీ-09 ఆర్డర్ పెట్టేశాను. రోలు సంగతి ఎవరూ చెప్పలేదు…

గోదారి గట్టు:
57 మిల్లీమీటర్ల మామూలు కాగితం రోలు. స్వైపింగ్ మిషన్ రోలు వెడల్పు సరిపోతుంది గానీ అది వేడికి నల్లబడే రకం, రిబ్బన్ ప్రింటరుకి అక్కర్లేదు, పైగా పాతబడేకొద్దీ రంగు మారుతుంది. గోరుతో గీకి చూడు, నల్లగీత పడితే వద్దు. లోపల చోటు తక్కువ, లావు రోలైతే కొంత విప్పేసి పెట్టు.