అమ్మేవాడు నోరు విప్పకపోతే మోసమేనా?

ప్రశ్న (కనిగిరి వైపు):
మూడెకరాల మెట్ట బేరంలో ఉంది. బోరు ఎట్టా పోస్తుందని రెండుసార్లు అడిగినా అమ్మే ఆయన ఔననలా, కాదనలా. వక్కపలుకు నములుతూ కూర్చున్నాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా. వేసవిలో ఎండిపోతే, చెప్పకుండా మోసం చేశాడని కోర్టుకు పోవచ్చా?

జవాబు (ఒంగోలు):
సామెతను కోర్టు మెట్లెక్కించొద్దన్నా. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉత్తి మౌనం మోసం కాదు. అందులోనే గుర్రం బేరం ఉదాహరణ ఉంది. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఏమీ చెప్పకపోతే తప్పులేదు. కొనేది అప్పుడే మైనారిటీ తీరిన కన్నకూతురైతే చెప్పి తీరాలి. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే" అని కొనేవాడు అన్నాక కూడా ఊరకుంటే, ఆ మౌనం మాటతో సమానం.

నీకు పనికొచ్చేది ఆ మూడోది. "మే నెలలో కూడా పోస్తుందనే నమ్మి అడ్వాన్సు ఇస్తున్నా, కాదంటే ఇప్పుడే చెప్పు" అని వాట్సాప్‌లో పెట్టు. నీలం టిక్కులు పడి జవాబు లేకపోతే స్క్రీన్‌షాట్ తీసుకో, డబ్బు మాత్రం తీయబాక.

జవాబు (నెల్లూరు):
19వ సెక్షన్‌లో మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో తెలిసే సంగతిని తెలుసుకోకుండా కొంటే, మౌనం వంక చూపి ఒప్పందం తెంచుకోలేవు. బోరు కళ్ళెదురుగానే ఉంది గదా. మోటారు వేసి నాలుగు గంటలు ఆపకుండా ఆడించు. 20 లీటర్ల బకెట్ మొదట ఎన్ని సెకన్లలో నిండిందో, చివర ఎంతసేపు పట్టిందో రాసుకో. 10 సెకన్లది 40 అయినా, పైపు గాలి కక్కినా ఊట చాలనట్టే. ఆ నీళ్ళే తాగాలంటే ఫ్లోరైడ్ పరీక్ష చేయించు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, నాలుకకు అది తెలీదు.

హక్కు సంగతి వేరు. ఈసీలో (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) ఎక్కని నోటిమాట భాగపంపకాలు, అక్కచెల్లెళ్ళ వాటా తగాదా లాంటివి తెలిసీ దాస్తే, 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ దాన్ని మోసంగానే చూస్తుంది.

మళ్ళీ కనిగిరి:
ఈ భూమి 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందా అని సమాచార హక్కు అర్జీ పెడితే, ఆఫీసు వాళ్ళు పలక్కపోతే?

జవాబు (ఒంగోలు):
అక్కడ మౌనానికి అర్థం 'ఇవ్వం' అని. 30 రోజులు దాటితే నిరాకరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యి. గడువు దాటాక ఇస్తే కాపీలకు డబ్బు అడగకూడదు. అర్జీ ఇచ్చిన రసీదు మాత్రం పారేయబాక.